మాట మోసేవాడి పూచీ

డాక్టర్ ఎ.ఎస్.రావు స్మారకోపన్యాసం, యాప్రాల్, సికింద్రాబాద్



 యాప్రాల్‌లో డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారిని పరిచయం చేయవలసిన పని లేదు. సైనిక్‌పురి దాటి కాస్త ముందుకు పోతే ఆయన పేరున ఊరంత కాలనీ ఉంది. ఆయన మొదలుపెట్టిన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. అయినా కాలేజీ పిల్లలు కొందరు కనిపిస్తున్నారు కాబట్టి నాలుగు మాటలు చెబుతాను. 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీ విశ్వవిద్యాలయంలో చదివి, ఆ పైన అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదువుకుని, తిరిగొచ్చి హోమీ భాభా నడిపిన అణుశక్తి కార్యక్రమంలో ఎలక్ట్రానిక్స్ పని భుజాన వేసుకున్నారు. దేశంలో ఎలక్ట్రానిక్స్ ఎలా ఎదగాలో చెప్పమని భాభా అధ్యక్షతన వేసిన కమిటీలో విక్రమ్ సారాభాయ్, మన సూరి భగవంతం గారితో పాటు ఆయనా సభ్యులు. 1967లో ఇక్కడ ఈసీఐఎల్ ఆయన చేతుల మీదుగా మొదలైంది. రెండేళ్లకే, 1969లో, టీడీసీ-12 అనే డిజిటల్ కంప్యూటర్ ఆ సంస్థ నుంచి బయటికొచ్చింది. 2003లో ఆయన కన్నుమూశారు.

ఆయన తరం ఇంజినీర్ల పనిలో ఒక లక్షణం నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. అణు రియాక్టర్‌ను నడపాలా ఆపాలా అని తేల్చే పరికరాలు ఒక్క మీటరు చూపిన అంకెను పట్టుకుని కదలవు. అదే కొలతను వేర్వేరు దారుల్లో తీసుకుని, పోల్చి చూసి, అప్పుడే పని చేస్తాయి. వచ్చిన సంకేతాన్ని పరీక్షించకుండా ముందుకు పంపకూడదన్నది అక్కడ ప్రాణాలతో ముడిపడిన నియమం. ఇంటర్నెట్‌ను కట్టినవాళ్లు మొదట్లో ఈ నియమం పెట్టుకోలేదు. ఇప్పుడిప్పుడే, ముక్కలు ముక్కలుగా, పెట్టుకుంటున్నారు. అలా పెట్టుకున్న చోట్లలో ఒకదాని గురించే నా ప్రసంగం. ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్‌లో ఉండే రౌట్ సర్వర్, తనకు వచ్చిన ప్రకటనలను ఎలా వడపోస్తుంది, ఎందుకు వడపోయాలి?

నా వాదన ముందే చెప్పేస్తాను. ఒకరి మాటను పదిమందికి మోసేవాడికి ఆ మాట నిజమో కాదో చూసే పూచీ ఉంటుంది. వడపోత పెట్టలేని ఎక్స్ఛేంజ్ రౌట్ సర్వర్ పెట్టకూడదు.

1

యాప్రాల్‌లో ఎదురెదురు ఇళ్లు రెండు. ఒక ఇంట్లో ఒక కంపెనీ నెట్, ఎదురింట్లో ఇంకో కంపెనీ నెట్. ఈ ఇంటి కంప్యూటర్ నుంచి ఆ ఇంటి కంప్యూటర్‌కు ఒక ఫైలు నేరుగా వెళ్లాలి. ఆ రెండు కంపెనీలూ హైదరాబాద్‌లో ఎక్కడా కలవకపోతే ఆ ఫైలు ముంబయికో చెన్నైకో పోయి తిరిగొస్తుంది. ఒకప్పుడు దేశం దాటి పోయి వచ్చేది కూడా. విదేశీ లింకుకు డాలర్లు చెల్లించి వీధి దాటడమన్నమాట.

దీన్ని ఆపడానికే 2003 జూన్‌లో నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, ఏర్పడింది. లాభాపేక్ష లేని సంస్థ. మొదటి కేంద్రం నోయిడాలో పెట్టారు. తర్వాత హైదరాబాద్‌కూ వచ్చింది. ఎక్స్‌ట్రీమ్ ఐఎక్స్ లాంటి ప్రైవేటు ఎక్స్ఛేంజ్‌లు కూడా ఇప్పుడు ఈ నగరంలో ఉన్నాయి. ఎక్స్ఛేంజ్ అంటే పెద్ద యంత్రాంగం ఊహించుకోకండి. డేటా సెంటర్‌లో ఒక పెద్ద ఈథర్నెట్ స్విచ్, దానికి తలా ఒక తీగ కలిపిన సభ్య నెట్‌వర్కులు. అసలు సంగతి ఆ తీగల మీద ఎవరు ఎవరికి ఏం చెప్పుకుంటారన్నది.

నిక్సీ విధానంలో ఒక షరతు ఉంది. ఒక కేంద్రంలో చేరిన సర్వీస్ ప్రొవైడర్ కనీసం తన ప్రాంతీయ రౌట్లన్నీ, అంటే దారులన్నీ, అక్కడి నిక్సీ రౌటర్‌కు ప్రకటించి తీరాలి. మిగతా సభ్యులంతా ఆ రౌట్లను ఆ రౌటర్‌తో ఒకే ఒక్క సంభాషణ (బీజీపీ సెషన్) ద్వారా అందుకోవచ్చు. ఈ షరతును గుర్తుంచుకోండి. చెప్పడాన్ని తప్పనిసరి చేసినప్పుడు, చెప్పినదాన్ని సరిచూడటమూ తప్పనిసరి అవుతుందని నా ఉద్దేశం.

2

నెట్‌వర్కులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష బీజీపీ. 1989 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో జరిగిన ఒక సమావేశంలో, భోజనం బల్ల దగ్గర, యాకొవ్ రెఖ్టర్, కిర్క్ లాహీడ్ అనే ఇద్దరు ఇంజినీర్లు నాప్‌కిన్ల మీద దాని రూపం గీశారు. ఆ ఏడాది జూన్‌కే పత్రంగా వచ్చింది. ఇప్పటికీ ప్రపంచం దాని మీదే నడుస్తోంది. అందులో ఒక నెట్‌వర్క్ ఇంకో నెట్‌వర్క్‌కు చెప్పేది ఇంతే: ఈ అడ్రసుల గుంపుకు దారి నా దగ్గరుంది, ఈ నెట్‌వర్కుల మీదుగా పోతుంది. ఆ అడ్రసుల గుంపును ప్రిఫిక్స్ అంటాం. ప్రతి నెట్‌వర్క్‌కూ ఏఎస్ నంబర్ అని ఒక సంఖ్య ఉంటుంది, దారి అంటే ఆ సంఖ్యల వరస. చెప్పినవాడు నిజం చెబుతున్నాడా అని అడిగే ఏర్పాటు బీజీపీలో లేదు. అప్పట్లో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే కాబట్టి ఆ లోటు కనబడలేదు.

ఎక్స్ఛేంజ్‌లో 50 మంది సభ్యులున్నారనుకుందాం. ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరితో విడిగా మాట్లాడుకోవాలంటే 1225 సెషన్లు కావాలి. చిన్న ఆపరేటర్‌కు అంత మందితో ఉత్తరప్రత్యుత్తరాలు, అంత కాన్ఫిగరేషన్ అయ్యే పని కాదు. అందుకే మధ్యలో రౌట్ సర్వర్ వచ్చింది. అది పాత ఊళ్లలో దండోరా వేసేవాడి లాంటిది. చెప్పదలచుకున్నవాడు దానికొక్కదానికి చెబితే చాలు, అది అందరికీ వినిపిస్తుంది. జాగ్రత్త కోసం దాదాపు ప్రతి ఎక్స్ఛేంజ్‌లోనూ రెండు పెడతారు. కొన్ని చోట్ల ఒకదాని మీద చెక్ దేశంలో పుట్టిన బర్డ్ అనే సాఫ్ట్‌వేర్, ఇంకోదాని మీద ఓపెన్‌బీజీపీడీ నడుపుతారు, ఒకే తప్పు రెండింటినీ ఒకేసారి పడగొట్టకుండా. రావు గారి తరంవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించేది కాదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, కాస్త ఓపిగ్గా వినండి. నా వాదనకు ఇదే కీలకం. రౌట్ సర్వర్ సరుకు మోయదు. డేటా దాని గుండా ఒక్క బిట్ కూడా పోదు. సభ్యుడి నుంచి సభ్యుడికి స్విచ్ మీద నేరుగా పోతుంది. రౌట్ సర్వర్ దారుల కబురు మాత్రమే మోస్తుంది. అలా మోసేటప్పుడు దారిలో తన ఏఎస్ నంబర్ చేర్చదు. 2016లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 7947 అలాగే ఉండాలని చెబుతుంది, మంచి కారణంతోనే. తన నంబర్ చేర్చితే దారి ఒక మెట్టు పొడవై, దాన్ని ఎంచుకునే అవకాశం తగ్గుతుంది.

దాని పర్యవసానం చూడండి. సాధారణంగా పొరుగు నెట్‌వర్క్ ప్రకటన పంపితే, దారిలో మొదటి సంఖ్య ఆ పొరుగుదేనా అని మన రౌటర్ చూసుకుంటుంది. వేరేదైతే తోసిపుచ్చుతుంది. రౌట్ సర్వర్ నుంచి వచ్చే ప్రతి ప్రకటనలోనూ మొదటి సంఖ్య వేరేవాళ్లదే. అందుకని చాలా రౌటర్లలో సభ్యుడు ఆ తనిఖీని తన చేత్తో ఆపేస్తేగాని రౌట్ సర్వర్‌తో సెషన్ పనికిరాదు. అంటే సభ్యుడు తన తలుపుకున్న ఒక గడియ తీసి, ఎక్స్ఛేంజ్ మీద నమ్మకంతో పక్కన పెట్టాడు. రేపు తప్పుడు కబురు వస్తే అది ఎవరి ద్వారా వచ్చిందో దారిలో పేరు కూడా కనబడదు. పేరు కనబడని మధ్యవర్తికి పూచీ ఎక్కువే ఉండాలి.

3

వడపోత ఎలా ఉంటుందో సిద్ధాంతంగా చెప్పడం కన్నా ఒక నిజమైన ప్రకటనను తీసుకుని, నేటి రౌట్ సర్వర్ ముందు నిలబెట్టి చూద్దాం.

2008 ఫిబ్రవరి 24. పాకిస్తాన్ ప్రభుత్వం యూట్యూబ్‌ను ఆపమంది. పాకిస్తాన్ టెలికాం, ఏఎస్ 17557, ఆ పని చేయడానికి 208.65.153.0/24 అనే ప్రిఫిక్స్ తనదేనని ప్రకటించింది. దేశంలోపలే ఉండాల్సిన ఆ ప్రకటన హాంకాంగ్‌లోని తన ప్రొవైడర్ పీసీసీడబ్ల్యూకు చేరింది. వాళ్లు సరిచూడకుండా ప్రపంచానికి పంపేశారు. అప్పుడు గ్రీన్విచ్ కాలమానం ప్రకారం సాయంత్రం 6:47. యూట్యూబ్ అసలు ప్రకటన 208.65.152.0/22, అంటే 1024 అడ్రసుల గుంపు. పాకిస్తాన్‌ది అందులోనే 256 అడ్రసుల చిన్న గుంపు. రౌటర్లు ఎప్పుడూ చిన్న గుంపుకే, అంటే ఎక్కువ నిర్దిష్టంగా చెప్పినదానికే, మొగ్గు చూపుతాయి. అంతే, ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబ్‌కు పోవాల్సిన ట్రాఫిక్ పాకిస్తాన్ దారి పట్టింది.

అది ప్రొవైడర్ లింకు మీద జరిగింది, ఎక్స్ఛేంజ్‌లో కాదు. అయినా అదే ప్రకటన ఈ రోజు ఒక రౌట్ సర్వర్‌కు వచ్చిందనుకోండి.

మొదటి తనిఖీ, గుంపు పరిమాణం. ఐపీవీ4లో /24 కన్నా చిన్న ముక్కలను, ఐపీవీ6లో /48 కన్నా చిన్నవాటిని రౌట్ సర్వర్లు తీసుకోవు. ఇది /24. దాటిపోయింది. తర్వాత, ఇంటర్నెట్‌లో కనబడకూడని అడ్రసులా? మీ ఇంటి వైఫై రౌటర్ ఇచ్చే 192.168తో మొదలయ్యే అడ్రసులు, 10తో మొదలయ్యేవి ఇలాంటివి. ఇది కాదు, దాటింది. దారిలో మొదటి ఏఎస్ సంఖ్య ఆ సెషన్ పెట్టుకున్న సభ్యుడిదేనా? ఇందాక చెప్పిన, సభ్యుడు తీసేసిన గడియ ఇదే. రౌట్ సర్వర్ సభ్యుడి తరఫున దీన్ని వేసి ఉంచుతుంది. ప్రకటించేది 17557 స్వయంగానే కనుక ఇదీ దాటింది. నెక్స్ట్ హాప్, అంటే సరుకు ఎవరి గుమ్మంలో దించాలన్న చిరునామా, ఆ సభ్యుడిదేనా? ఇది చూడకపోతే ఒక సభ్యుడు పక్క సభ్యుడి అడ్రసు రాసి తన ట్రాఫిక్ మొత్తాన్ని వాడి నెత్తిన దించవచ్చు. ఇక్కడా పేచీ లేదు.

ఇన్ని దాటింది చూశారా. రూపం చూసి పట్టే తనిఖీలన్నీ దాటింది, ఎందుకంటే రూపంలో తప్పేమీ లేదు. ఇక మిగిలినవి హక్కు అడిగే తనిఖీలు.

ప్రతి నెట్‌వర్క్ రౌటింగ్ రిజిస్ట్రీలలో తన రౌట్లు ఏవో, తన కింద ఉన్న కస్టమర్ నెట్‌వర్కులు ఏవో నమోదు చేసుకోవాలి. ఆ కస్టమర్ల జాబితాను ఏఎస్-సెట్ అంటారు. రౌట్ సర్వర్ ఆ నమోదుల నుంచి సభ్యుడి వారీగా ఒక పట్టీ తయారు చేసుకుని, పట్టీలో లేనిది రాగానే ఆపుతుంది. యూట్యూబ్ అడ్రసులు 17557 పట్టీలో ఉండవు. ప్రకటన ఇక్కడే ఆగుతుంది. కాకపోతే కొన్ని రిజిస్ట్రీలలో ఎవరైనా ఏదైనా రాసుకోగలిగిన రోజులు ఉండేవి. అందుకే చివరి తనిఖీ, ఆర్‌పీకేఐ. అడ్రసులు ఎవరికి కేటాయించారో వాళ్లే, కేటాయించిన రిజిస్ట్రీ ఇచ్చిన డిజిటల్ సర్టిఫికేట్‌తో సంతకం చేసి, ఈ ప్రిఫిక్స్‌ను ఈ ఏఎస్ ప్రకటించవచ్చు, ఇంత చిన్న ముక్క వరకు ప్రకటించవచ్చు అని పత్రం పెడతారు. దాని పేరు ఆర్‌ఓఏ. రౌట్ సర్వర్ ఆ పత్రంతో పోల్చి మూడింట్లో ఒక తీర్పు చెబుతుంది: సరైనది, చెల్లనిది, పత్రమే లేనిది. యూట్యూబ్ తన /22కు అలాంటి పత్రం పెట్టుకుని ఉంటే పాకిస్తాన్ ప్రకటన చెల్లనిదయ్యేది. 2008లో ఆ వ్యవస్థే లేదు. దాని మూల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6480 వచ్చింది 2012లో.

కథలో మిగతా భాగం కూడా వినాలి, ఎందుకంటే వడపోత రెండంచుల కత్తి. 8:07కు యూట్యూబ్ తన /24ను తానే ప్రకటించి పోటీకి దిగింది. కొందరే వెనక్కి వచ్చారు. 8:18కి ఇంకా చిన్న ముక్కలు, రెండు /25లు, ప్రకటించింది. అవి చేరిన చోటల్లా ట్రాఫిక్ తిరిగొచ్చింది. చివరికి 9:01కి పీసీసీడబ్ల్యూ ఆ తప్పుడు రౌట్‌ను వెనక్కి తీసుకుంది. నేటి రౌట్ సర్వర్ ముందు ఆ కాపాడుకునే ప్రయత్నాలు ఏమవుతాయి? /25లు పరిమాణం దగ్గరే ఆగిపోతాయి. /24 కూడా, ఆర్‌ఓఏలో /22 వరకే అని రాసి ఉంటే, సొంతదారు ప్రకటించినా చెల్లదు. ఆపద వేళ కొత్త పత్రం పెట్టి, అది అందరికీ చేరేదాకా ఆగాల్సిందే. పోనీ ముందుజాగ్రత్తగా /24 వరకు అని రాసి పెట్టుకుంటే? మీరు ప్రకటించని ముక్కలను, మీ ఏఎస్ నంబర్‌నే దారి చివర అంటించుకుని, దొంగ ప్రకటించుకునే సందు దొరుకుతుంది. అందుకే 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9319, నిజంగా ప్రకటించే ముక్కలకే పత్రం పెట్టమంటుంది. ఆ సలహానే నేను సమర్థిస్తాను. తప్పుడు ప్రకటన మొదటి గుమ్మంలోనే ఆగిపోతుంటే దాన్ని తరమడానికి చిన్న ముక్కలు విసరాల్సిన అవసరమే తక్కువ.

4

ఇంతటితో అంతా భద్రం అనుకోకండి. మన దేశంలోనే జరిగినవి చూద్దాం. 2015 మార్చిలో హాత్‌వే నెట్‌వర్క్ నుంచి గూగుల్ రౌట్లు ఎయిర్‌టెల్‌కు జారి, అక్కడి నుంచి బయటికి పోయాయి. హాత్‌వే ఆ అడ్రసులు తనవని చెప్పలేదు. దారి చివర గూగుల్ సంఖ్యే ఉంది. గూగుల్ దగ్గర విన్న దారిని వేరేవాళ్లకు చెప్పకూడని చోట చెప్పింది, అంతే. దీన్ని రౌట్ లీక్ అంటారు. ఆర్‌పీకేఐ దారి చివరి సంఖ్యను మాత్రమే చూస్తుంది కనుక పత్రం ఉన్నా దీనికి సరైనదనే తీర్పు ఇస్తుంది. ఇలాంటి లీకుల్లో కొన్నిటిని పట్టడానికి రౌట్ సర్వర్లలో వేరే తనిఖీ ఉంటుంది. ప్రపంచపు అతిపెద్ద నెట్‌వర్కులు ఏ చిన్న ఆపరేటర్‌కూ కస్టమర్‌గా ఉండవు కదా, కాబట్టి సభ్యుడు పంపిన దారి మధ్యలో వాటి సంఖ్య కనబడితే లీక్ అనే అర్థం. ఆ ప్రకటనను ఆపేస్తారు. ముతక పద్ధతే, బాగా పనిచేస్తుంది.

అదే ఏడాది నవంబర్ 6న ఎయిర్‌టెల్, ఏఎస్ 9498, వేరేవాళ్లకు చెందిన 16,123 ప్రిఫిక్సులు తనవైనట్టు ప్రకటించింది. 2021 ఏప్రిల్‌లో వొడాఫోన్ ఐడియా, ఏఎస్ 55410, 30,000కు పైగా అలాగే ప్రకటించింది. ఇవి దురుద్దేశంతో జరిగాయని నేననుకోను. ఇలాంటి వరదకు అతి చవకైన ఆనకట్ట గరిష్ఠ పరిమితి. ఈ సభ్యుడు మామూలుగా ఇన్ని ప్రిఫిక్సులు పంపుతాడు, అంతకు బాగా మించితే సెషన్ మూసెయ్. తెలివితేటలు అక్కర్లేని ఈ ఒక్క వాక్యం ఎన్నో పూటలను కాపాడింది.

5

ఇప్పుడు అసలు అభ్యంతరం. కొందరు మిత్రులు అంటారు: ఎక్స్ఛేంజ్ తటస్థంగా ఉండాలి, సభ్యుల మాటలపై తీర్పు దాని పని కాదు, అనుమానం ఉంటే ప్రకటనకు ఒక గుర్తు తగిలించి పంపాలి, తీసుకోవాలా వద్దా అన్నది వినేవాడి ఇష్టం. తటస్థత మీద నాకూ గౌరవం ఉంది. కాని గుర్తు చూసి వడపోసుకోగల ఇంజినీర్లు పెద్ద కంపెనీలకు ఉంటారు. రౌట్ సర్వర్ ఎవరి కోసం పెట్టామో ఆ చిన్న ఆపరేటర్‌కు, నాలుగు కాలనీలకు ఫైబర్ లాగి, స్తంభం ఎక్కేదీ రౌటర్ చూసేదీ తానే అయిన మనిషికి, గుర్తు తగిలించి పంపడమంటే ఏమీ చేయకపోవడమే. చెల్లనిదని తేలినదాన్ని రౌట్ సర్వరే ఆపాలి.

పత్రమే లేనిదాన్ని మాత్రం ఆపకూడదు. ప్రపంచంలో ఐపీవీ4 రౌట్లలో సగానికి ఆర్‌ఓఏలు సమకూరింది 2024 మేలోనే. పత్రం లేదని తోసిపుచ్చితే నిజాయితీపరులే ఎక్కువగా బయట ఉండిపోతారు.

తటస్థత నిలబడేది వేరే చోట. నియమాలు రాసి అందరికీ కనబడేలా పెట్టాలి. పెద్ద కంపెనీకీ గల్లీ ఆపరేటర్‌కూ ఒకటే నియమం ఉండాలి. ఏ ప్రకటన ఆపారో, ఏ కారణంతో ఆపారో ఆ సభ్యుడు తనంతట తాను చూసుకునేలా లుకింగ్ గ్లాస్ పేజీ ఉండాలి. ఐర్లండ్ ఎక్స్ఛేంజ్ ఐనెక్స్‌వాళ్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన ఐఎక్స్‌పీ మేనేజర్ సాఫ్ట్‌వేర్‌లో ఇవన్నీ ఉన్నాయి. ఖర్చు అనే సాకు నిలవదు. ఎక్స్ఛేంజ్‌ల కోసం 2018లో మాన్రస్ అనే అంతర్జాతీయ ఒడంబడిక తెచ్చిన కార్యక్రమంలో మొదటి షరతు కూడా తప్పుడు రౌట్లు ముందుకు పోకుండా చూడటమే. కారణం చెప్పకుండా ఆపడం ఆపకుండా వదిలేయడమంత తప్పు. దాన్ని భరించాల్సింది ఫోన్లో కస్టమర్లకు సమాధానం చెప్పలేక నిలబడ్డ ఆపరేటర్.

6

ఆ ఆపరేటర్లు కొందరు ఇక్కడికి వచ్చారు. వాళ్లతో ఒక మాట. రౌట్ సర్వర్ చేతిలో ఉన్న సాక్ష్యమంతా మీరు రాసి ఇచ్చినదే. మీకు అడ్రసులు మన జాతీయ రిజిస్ట్రీ ఐఆర్‌ఐఎన్‌ఎన్ నుంచి వచ్చినా, ఆసియా-పసిఫిక్ రిజిస్ట్రీ ఏపీనిక్ నుంచి నేరుగా వచ్చినా, వాటికి ఆర్‌ఓఏ పెట్టించుకోండి. కొత్త కస్టమర్ నెట్‌వర్క్ మీ కింద చేరిన రోజే ఏఎస్-సెట్‌లో రాయండి, వెళ్లిపోయిన రోజే తీసేయండి. వెళ్లిపోయినవాళ్ల పేర్లు మిగిలిపోయిన ఏఎస్-సెట్ ఉంటే, వాళ్ల రౌట్లు మీ నుంచి జారినా వడపోతకు అవి చెల్లినట్టే కనిపిస్తాయి. అడ్రసులను ఒక ఏఎస్ నుంచి ఇంకో ఏఎస్‌కు మారుస్తున్నారా? ముందు కొత్త ఆర్‌ఓఏ పెట్టండి, అది వ్యాపించాక ప్రకటన మార్చండి, పాత ఆర్‌ఓఏను అన్నిటికన్నా చివర తీయండి. ఈ వరస తిరగబడితే మీ సొంత ప్రకటనే చెల్లనిదై ఆగిపోతుంది. రిజిస్ట్రీ నుంచి పట్టీలను ఎక్స్ఛేంజ్‌లు రోజులో కొన్నిసార్లే తాజా చేసుకుంటాయి కాబట్టి మార్పు చేశాక లుకింగ్ గ్లాస్‌లో మీ ప్రిఫిక్సులన్నీ ఒప్పుకున్న వరసలో ఉన్నాయో లేదో చూసుకునే దాకా సీటు వదలకండి.

దారి మొత్తాన్ని సంతకాలతో సరిచూసే ఆస్పా అనే పద్ధతి కోసం ఇంటర్నెట్ ప్రమాణాల సంఘంలో పని సాగుతోంది. తన ప్రొవైడర్లు ఎవరో ప్రతి నెట్‌వర్కూ స్వయంగా సంతకం చేసి చెబుతుంది. 2015 మార్చి నాటి హాత్‌వే లీక్ లాంటివాటిని అది పట్టగలదు. అది కూడా ప్రతి ఆపరేటర్ తన ప్రొవైడర్ల పేర్లు నిజంగా రాసినప్పుడే పనిచేస్తుంది. దాని వివరాలు అడిగేవాళ్లు ఈ సభలో ఉన్నారని ఇందాకే చీటీ అందింది. ఆ ప్రశ్నతోనే చర్చ మొదలుపెడదాం.